తడికి ఒడి కుదరాలంటే

సంపాదకులకు,

నమస్కారం. ఈ నెల మొదటి ఆదివారం మీ సాహిత్య పేజీ కింద ఒక పాఠకుడి ఉత్తరం వేశారు. తెలుగులో గజల్ రాయడం వృథా ప్రయాస అని ఆయన వాదన. మన వాక్యం చివర క్రియ వస్తుంది, క్రియల తోకలన్నీ ఒకేలా ఉంటాయి, అందుకని ప్రాస చవగ్గా దొరుకుతుంది, చవగ్గా దొరికినదాంతో కట్టింది గజల్ కాదు, వట్టి తోకప్రాసల పాట అన్నారు. కొత్తగా రాసేవాళ్లు ఆ కష్టమేదో పద్యం మీద పడితే మేలని సలహా కూడా ఇచ్చారు. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే నా సొంత గోల కత్తిరించండి, షేర్ల (గజల్లో రెండేసి పంక్తుల జతల) జోలికి మాత్రం వెళ్లకండి.

నేను ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికలు కంపోజ్ చేస్తాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, కింద బంధుమిత్రుల అభినందనలతో. సగం వయసు దీంట్లోనే గడిచింది. చదివింది బీకాం. ఛందస్సంటే స్కూల్లో గురువు లఘువు గుర్తులు పెట్టి గణాలు విడగొట్టడమే, అంతకు మించి తెలీదు. మా షాపులో ఓ మూల ఉర్దూ పెళ్లి పత్రికలు చేత్తో రాసే కాతిబ్ (లేఖకుడు) ఒకాయన కూర్చుంటారు. నేను చాచా అంటాను, ఆయన నన్ను బేటీ అంటారు. ఇన్‌పేజ్ అనే ఉర్దూ టైపింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఉర్దూ పత్రికలు కూడా కంప్యూటర్ మీదే తయారైపోతున్నాయి గానీ, బిస్మిల్లా, పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి తండ్రి పేరు చేత్తో రాయించుకుంటామనేవాళ్లు ఇంకా వస్తున్నారు. రెల్లు కలం చెక్కుకుంటూ, సిరా ఆరేదాకా ఊరికే కూర్చోలేక, చాచా షేర్లు చదువుతుంటారు. ఒకే షేర్‌ను రెండుసార్లు, మూడుసార్లు. మూఢం రోజుల్లో ఇద్దరికీ పనుండదు. గజల్ నాకు అలా అంటుకుంది. ఉర్దూ మాట్లాడతాను, చదవడం రాదు. కాబట్టి నా చదువంతా చెవితోనే.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. గజల్‌లో రెండేసి పంక్తుల షేర్లుంటాయి, మామూలుగా ఐదుకు తగ్గవు. పంక్తిని మిస్రా అంటారు. ప్రతి షేర్ రెండో మిస్రా చివర మారకుండా వచ్చే మాట రదీఫ్. దానికి సరిగ్గా ముందు నిలబడే ప్రాస కాఫియా. మొదటి షేర్‌ను మత్లా అంటారు, అందులో మాత్రం రెండు మిస్రాల చివరా కాఫియా, రదీఫ్ రావాలి. అన్ని పంక్తులకూ ఒకటే కొలత. షేర్‌కూ షేర్‌కూ కథ కలవనక్కర్లేదు, దేని బతుకు దానిది. రదీఫ్ లేని గజళ్లూ ఉన్నాయి, కాఫియా లేనివి మాత్రం లేవు.

ఇప్పుడు ఆ పాఠకుడి వాదన దగ్గరికి వస్తాను. తెలుగులో క్రియ చివర వస్తుందన్నారు, నిజమే. ఉర్దూలో ఎక్కడొస్తుందండీ? అక్కడా చివరే కదా! హై, థా, గయా, నహీఁ అనే మాటలతోనే వాళ్ల వాక్యాలూ ముగుస్తాయి. మనకున్న ఇబ్బందే వాళ్లకూ ఉంది. వాళ్లు చేసిందేమిటంటే, ఎలాగూ వాక్యం చివర వచ్చి కూర్చునే ఆ క్రియను రదీఫ్ కింద జమ కట్టేసి, అసలు ప్రాసను దాని ముందుకు జరిపారు. వచ్చే తోక ఎలాగూ వస్తుంది, దానికి లెక్క లేదు. దాని ముందు ఏం తెచ్చావన్నదే లెక్క. ఈ ఏర్పాటు తెలుగు వాక్యానికి అతికినట్టు సరిపోతుంది. చెప్పాలంటే మన పద్యం కంటే కూడా ఎక్కువ సరిపోతుందని నా అనుమానం. ఎందుకంటే పద్యంలో మన ప్రాస పాదం మొదట్లో రెండో అక్షరం దగ్గరుంటుంది, పాదం చివర ఏమున్నా అడిగేవాళ్లు లేరు. పంక్తి చివరను కాపలా కాయడం మనకు అలవాటు లేని పని. కష్టం అక్కడుంది, చవకతనంలో లేదు.

చవకబారు కాఫియాకు ఉర్దూవాళ్లు పేరు కూడా పెట్టారు, దాన్ని ఈతా దోషం అంటారు. చాచా దీన్ని నాకు కంప్యూటర్ మీదే చూపించారు. ‘రాశాను, పోయాను, నవ్వాను’ అని టైపు చేయించారు. చివరి ‘ఆను’ కొట్టెయ్యమన్నారు. రాశ్, పోయ్, నవ్వ్ మిగిలాయి. “వీటికీ వీటికీ ఏం చుట్టరికం బేటీ?” అన్నారు. ఏమీ లేదు. అంటే అక్కడ ప్రాసే లేదు, ప్రత్యయం మూడుసార్లు పడిందంతే. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. గజల్ అని పేరు పెట్టి ఆదివారాలు అచ్చవుతున్నవాటి మీద (మీ పేపరు ఒక్కటే అనడం లేదు) చేసి చూడండి, చాలా వాటిలో మత్లా దగ్గరే బండి ఆగిపోతుంది. ఆ పాఠకుడికి విసుగు పుట్టించింది ఇవే అయ్యుంటాయి. వాటి మీద ఆయన కోపం న్యాయమే. కానీ నాసిరకం వంట తిని వంటనే మానెయ్యమనడం ఏం న్యాయం?

కొలత సంగతి. ఉర్దూలో బెహర్ అంటే గురులఘువులు ఏ వరుసలో రావాలో ఆ వరుసలోనే రావాలి. అయితే వాళ్లకో వెసులుబాటుంది. కో, సే, మే, కా లాంటి మాటల చివరి దీర్ఘాన్ని అవసరాన్ని బట్టి పొట్టిగా లెక్కపెట్టుకోవచ్చు. మనకు ఆ సౌకర్యం లేదు, దీర్ఘం దీర్ఘమే. అందుకే తెలుగులో రాసేవాళ్లు ఎక్కువగా మాత్రల లెక్క (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) పట్టుకున్నారు. మూడేసి, నాలుగేసి, ఐదేసి, ఏడేసి మాత్రల నడకలు. నాకు ఐదు మాత్రల ఖండగతి నోటికి పట్టింది. నయాపూల్ మీదుగా నడిచేటప్పుడు కూడా అదే నడక వచ్చేస్తుంది, పక్కవాళ్లు వింతగా చూస్తారు.

సరే, నా గజల్. రదీఫ్ ‘చాలు’. మొదట కుదిరిన మత్లా ఇది:

ఎండిపోయిన వాగుకొక వాన తడి చాలు
మూతపడిన తలుపుకు నీ నడక సడి చాలు

ఎండిపో, యిన వాగు, కొక వాన, తడి చాలు. ఐదేసి మాత్రలు నాలుగుసార్లు, మొత్తం 20. తడి, సడి కాఫియాలు. చాచాకు అర్థం చెబితే తలూపారు. ఆ తర్వాత చాలా రోజులు ఏమీ రాలేదు. రదీఫ్ ముందే తెలుసు, కాఫియాలు కాగితం మీద నిలువుగా రాసి పెట్టుకున్నాను, మిగిలిన పదిహేను మాత్రలే రావు. ఇలాంటప్పుడే చాలామంది వదిలేస్తారని నాకు ఇప్పుడు తెలుస్తోంది. కాఫియాల పట్టీ ముందు పెట్టుకుని కూర్చుంటే ప్రతి మాటా తనకు తెలిసిన పాత పంక్తినే తెస్తుంది. గుడి అనగానే దేవుడు, బడి అనగానే పంతులు. పట్టీ చించేసి, నాకు చెప్పాలని ఉన్నదేమిటో వచనంలో రాసుకోవడం మొదలుపెట్టాను. దాంట్లో ఏ మాటకైనా ‘డి’ తగులుతుందా అని తర్వాత వెతికాను. అదీ నిదానంగానే నడిచింది, కానీ నడిచింది.

మా షాపు నుంచి మూసీ దాటితే ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక ముసలి చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28 వరదలో నూట యాభై మంది దాకా దాని కొమ్మలు పట్టుకుని బతికారని చెబుతారు. మా అమ్మను అక్కడ ఓపీకి తీసుకెళ్లినప్పుడల్లా ఆ చెట్టు వైపు ఓసారి చూసి వస్తాను. దాని గురించి రాసుకున్న వచనంలోంచి ఈ మిస్రా ఊడిపడింది:

వరదలో నూరుమందికి చెట్టు ఒడి చాలు

లెక్క చూస్తే సరిగ్గా 20. అప్పటిదాకా నేను రాసిన పంక్తుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. చాచాకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు, “వాహ్” అన్నారు, వెంటనే “నక్కో బేటీ, ఏ చల్తా నై” (వద్దమ్మా, ఇది కుదరదు) అన్నారు. ఎందుకంటే నా మత్లాలో తడి, సడి అని కట్టుబడ్డాను. రెంటిలోనూ ‘డి’కి ముందు అకారమే ఉంది. “మత్లా మే జో బోలే, వహీచ్ ఆఖిర్ తక్.” అంటే మత్లాలో ఏది చెబితే చివరిదాకా అదే. ఇక జడి, బడి, వడి రావచ్చు గానీ ఒడి, గుడి, ముడి రాకూడదు. ఈ విషయంలో కొంత సడలింపు ఇచ్చే ఉస్తాదులు ఉన్నారట, మా చాచా ఇవ్వరు. నేను రెండు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

మూడో రోజు ఆయనే అన్నారు, “ఒడిని బయటికి తోస్తున్నది మత్లా కదా, ఒడినే మత్లాలో కూర్చోబెట్టు.” మత్లాలో ఒకచోట తడి, ఒకచోట ఒడి వస్తే, మనం కట్టుబడింది ‘డి’కి మాత్రమే అవుతుంది. అప్పుడు అన్నిటికీ దారి దొరుకుతుంది. పాత రెండో మిస్రాను పీకేసి వరద పంక్తిని అక్కడ పెట్టాను. పెట్టాక చూస్తే ఎండిన వాగు పైన, వరద కింద! వాగుకు తడి లేక ఒక అవస్థ, మనుషులకు నీళ్లెక్కువై ఒక అవస్థ. ఈ జత నేను అనుకుని చేసింది కాదు. చాచా పట్టింపు లేకపోతే ఆ రెండు పంక్తులు ఒకదాని పక్కన ఒకటి ఎప్పటికీ వచ్చేవి కావు.

ఇంతటితో అయిపోలేదు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది కదా, 1901లో పెట్టిన లైబ్రరీ. అక్కడికి వచ్చే ఒక రిటైర్డ్ తెలుగు పండిట్ మాస్టారితో నాకు పరిచయం. ఆయనకు గజల్ అంటే పెద్ద గౌరవం లేదు గానీ చూపిస్తే చూస్తారు. చూశారు. కళ్లజోడు పైకి తోసి, “ఏమ్మా, ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం కదా? చెట్టు ఒడి ఎట్లా అవుతుంది, చెట్టొడి అవుతుంది. అప్పుడు నీ మాత్ర ఒకటి ఎగిరిపోయింది చూసుకో” అన్నారు. పాటల్లో, మాటల్లో ఎవరూ అలా కలపరు మాస్టారూ అన్నాను. “పాట రాశావా, గజల్ రాశావా?” అన్నారు. జవాబు తోచలేదు.

ఇంటికొచ్చి అన్నం వండుతూ ఆలోచిస్తే తట్టింది. చెట్టు అని ఎందుకు అనాలి? అది చింతచెట్టు! చింత ఒడి. అకారానికి సంధి తప్పనిసరి కాదు, మాస్టారు ఊరుకుంటారు. చెట్టుకు ఎన్ని మాత్రలో చింతకూ అన్నే, కొలత చెదరదు. పైగా ఏ చెట్టో ఊరంతటికీ తెలుస్తుంది:

ఎండిపోయిన వాగుకొక వాన తడి చాలు
వరదలో నూరుమందికి చింత ఒడి చాలు

ఒక నియమం ఉర్దూది, ఒక నియమం తెలుగుది. రెండూ చెరో వైపు నుంచి తోస్తేనే ఈ పంక్తి ఇక్కడికొచ్చింది. నన్ను నా ఇష్టానికి వదిలేసి ఉంటే ‘చెట్టు’ దగ్గరే తృప్తిపడి ఉండేదాన్ని. కష్టపడి ప్రయోజనం లేదన్న పాఠకుడికి నేను చూపించగలిగిన సాక్ష్యం ఇంతే.

పీకేసిన ‘సడి’ పంక్తిని పారెయ్యలేదు. దానికి పైన ఒక మిస్రా కావలసి వచ్చింది. మా ఇంట్లో కాలింగ్ బెల్లు పాడై చాలా కాలమైంది, బాగు చేయించమని అందరూ నన్నే అంటారు, ఆ చిరాకులోంచి వచ్చింది:

కాలింగు బెల్లుతో పనిలేదు రావోయి
మూతపడిన తలుపుకు నీ నడక సడి చాలు

మాస్టారు కాలింగు బెల్లు దగ్గర ముఖం చిట్లించారు. చాచా అదే మాట దగ్గర పకపకా నవ్వారు. ఉంచేశాను. నా పని మీద ఒకటి రాసుకున్నాను:

అక్షరాలమ్ముకొని బతికేటి చేతులకు
పలక పట్టిన నాటి పాకలో బడి చాలు

ఇక్కడ చాచా ఇంకో పేచీ పెట్టారు. మూడు షేర్లలోనూ ‘చాలు’ ఒకే పని చేస్తోంది, తృప్తి పడమని చెబుతోంది, ఇలా అయితే ఐదో షేర్ దాకా వినేవాడు ఆగడు అన్నారు. రదీఫ్ మాట మారదు, కానీ దాని ముఖం షేర్ షేర్‌కూ మారాలట. ముషాయిరాలో, అంటే కవులు తమ కవితలు చదివే సభలో, కవి మొదటి మిస్రాను రెండుసార్లు చదువుతాడు. రదీఫ్ ఏమిటో సభకు ముందే తెలుసు, కాఫియాను కూడా సగంమంది లోపల ఊహించుకుంటారు. రెండో మిస్రాలో వాళ్లు ఊహించిన మాటే రావాలి, వాళ్లు ఊహించని దారిలో రావాలి. అప్పుడు లేస్తుంది వాహ్ వా. పైమిస్రాలో కావలసినంత స్వేచ్ఛ ఉంటుంది, అక్కడే వినేవాణ్ణి వేరే వీధిలోకి తీసుకెళ్లాలి. మనవాళ్లు కాఫియా మీదే చెమటోడ్చి పైమిస్రాను తోచిన మాటలతో నింపేస్తారని చాచా ఫిర్యాదు. తెలుగు గజళ్లు ఆయనకు నేనే చదివి వినిపిస్తుంటాను, కాబట్టి ఆ ఫిర్యాదు నమ్మొచ్చు.

అలా రుసరుసలాడుతూ రాసింది ఇది. ఎన్నికల సమయం, మా వీధిలో రెండు పార్టీల ఆటోలు ఎదురెదురుగా నిలబడి మైకులు పెట్టిన రాత్రి:

గెలిచినా ఓడినా మైకులే అరిచాయి
నిద్రపోనివ్వండి ఇంక అలజడి చాలు

ఇది విన్నాక చాచా కలం పక్కన పెట్టి “ముకర్రర్” అన్నారు, మళ్లీ చదవమని. ఆయన అలా అనడం నాకు అదే మొదలు.

నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పనివ్వండి. చాచా గజల్ రాస్తే రెండు మిస్రాలూ కొలిచినట్టు ఒకే వెడల్పులో వస్తాయి. నస్తాలీఖ్‌లో (ఉర్దూ చేతిరాత శైలి అది) కొన్ని అక్షరాలను సాగదీసి పంక్తిని ఎంత కావాలంటే అంత చేయొచ్చు. తెలుగు అక్షరం సాగదు. పేజ్‌మేకర్‌లో ఫోర్స్ జస్టిఫై కొడితే మాటల మధ్య సందులు పడి పళ్లూడిన నోరులా ఉంటుంది. అందుకే మన పత్రికల్లో గజల్ ఎడమకు అంటుకుని, కుడివైపు ఎగుడుదిగుడుగా అచ్చవుతుంది. రదీఫ్‌లన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడకపోతే చదివేవాడి కంటికి ఆ కట్టడం కనిపించదు. కుడివైపు సర్దించండి చాలు, ఫాంట్ మార్చనక్కర్లేదు. మీ డెస్కులో కంపోజ్ చేసేవాళ్లకు ఇది ఒక్క నిమిషం పని. ఇంకో సంగతి కూడా ఉంది. కంప్యూటర్ మీద రాసేవాళ్లు రదీఫ్‌ను కంట్రోల్ వీ కొట్టి అతికించేస్తారు. నేను మానేశాను. ప్రతిసారీ వేళ్లతో టైపు చేస్తేనే, ఈ షేర్‌కు ఆ మాట నిజంగా అవసరమా అని ఒక్క క్షణం ఆలోచన వస్తుంది.

పరాయి ప్రక్రియ అన్న మాటకు ఎక్కువ చోటు ఖర్చు చేయను. శార్దూల విక్రీడితం సంస్కృతం నుంచే వచ్చింది. మనవాళ్లు దానికి ప్రాస తగిలించి మన పద్యం చేసుకున్నారు, ఇప్పుడెవరూ పరాయిదనడం లేదు. పైగా హైదరాబాద్‌లో కూర్చుని గజల్‌ను పరాయిదనడం ఏమిటి? 1591లో ఈ ఊరు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దఖనీ ఉర్దూలో గజళ్లు రాసినవాడు, సొంత దివాన్ (కవితల సంపుటి) ఉన్న తొలి ఉర్దూ కవిగా పేరున్నవాడు. గాలిబ్‌ను తెలుగు చేసిన దాశరథి ఇక్కడివారే. ఉర్దూ మీడియంలో చదువుకుని, తెలుగులో 1988 జ్ఞానపీఠం అందుకున్న నారాయణరెడ్డి గారు తన గజళ్లను తనే పాడి వినిపించేవారు, ఆయన గొంతులో విన్నవాళ్లు ఈ ఊళ్లో ఇంకా వేలమంది ఉంటారు. మూసీకి అటు ఉర్దూ, ఇటు తెలుగు అని గీత గీసినవాళ్లెవరో గానీ, మా షాపులో మాత్రం రెండూ ఒకే ట్యూబ్‌లైట్ కింద నడుస్తున్నాయి.

ఇక అసలు మనవి. ఒక పత్రిక్కి (మీది కాదు) నేను పంపిన గజల్ ‘ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం’ అన్న ఒక్క వాక్యంతో తిరిగొచ్చింది. మాత్ర తప్పిందా, కాఫియా తప్పిందా, లేక విషయమే నచ్చలేదా? ఏమని సరిదిద్దుకోవాలి? అదే పత్రికలో ఆ నెలలోనే ప్రత్యయాల మీద నడిచే పాట ఒకటి గజల్ పేరుతో వచ్చింది. ఉర్దూలో ఇస్లాహ్ అని ఒక పద్ధతి ఉంది. శిష్యుడు రాసింది ఉస్తాద్ దిద్దుతాడు, ఎక్కడ తప్పిందో పక్కన గుర్తు పెడతాడు. నాకు చాచా దొరికారు, మాస్టారు దొరికారు. సిరిసిల్లలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఒంటరిగా మాత్రలు లెక్కపెట్టుకుంటున్న అమ్మాయికి ఎవరు దొరుకుతారు?

దీనికి మనదైన దారి ఒకటుంది. తర్హీ ముషాయిరా అని చేస్తారు. ముందుగా ఒక మిస్రా ఇస్తారు, అందరూ ఆ కొలతలో, ఆ కాఫియా రదీఫ్‌లతో గజల్ కట్టుకుని వస్తారు. మన అవధానంలో సమస్యాపూరణం లాంటిదే కదా! సమస్యలకు పూరణలు పంపే అలవాటు తెలుగు పాఠకుడికి కొత్తేమీ కాదు. మీ ఆదివారం పేజీలో నాలుగు అంగుళాల చోటు ఇవ్వండి. వారానికి ఒక మిస్రా, దాని గతి, రదీఫ్, కాఫియా ఏమిటో కింద ఒక్క పంక్తిలో వివరం. గజల్ మొత్తం అడగొద్దు, ఒక్క షేర్ చాలు, రెండు పంక్తులంటే ఎవరైనా ధైర్యం చేస్తారు. మరుసటి వారం మంచివి రెండు వేయండి. అంతకంటే ముఖ్యంగా, పడిపోయినవాటిలో ఒకటి తీసుకుని, పేరు లేకుండా, ఎక్కడ పడిందో చెప్పండి. దిద్దడానికి ఒక తెలుగు మాస్టారినీ, ఒక ఉర్దూ తెలిసినవారినీ పక్కపక్కన కూర్చోబెడితే మరీ మంచిది. వాళ్లు పోట్లాడుకుంటే ఆ పోట్లాట కూడా అచ్చు వేయండి, అందరికంటే ఎక్కువ దాన్నే చదువుతారు.

మొదటి వారానికి మిస్రా కావాలంటే నా దగ్గర ఒకటుంది, వాడుకోండి:

ఇరుకైన ఈ గల్లి వెన్నెలకు సరిపోదు

ఖండగతి, 20 మాత్రలు. రదీఫ్ ‘పోదు’, కాఫియా ‘సరి’. సిరి, గురి, దరి, ఉరి, ఊపిరి, చాలానే ఉన్నాయి. మత్లా కట్టేవాళ్లు ‘రి’కి ముందు అకారానికే కట్టుబడతారో, తలుపు తెరిచి ఉంచుతారో వాళ్ల ఇష్టం. నా ‘చాలు’ గజల్‌కు ఐదో షేర్ ఇంకా రాలేదు. ‘ముడి’ మీద పని చేస్తున్నాను, పెళ్లి పత్రికల్లో రోజూ చూసే మాటే అయినా ఎందుకో లొంగడం లేదు. ఈ శీర్షిక పెట్టాలనుకుంటే మూఢం వెళ్లేలోపు మొదలుపెట్టండి. ముహూర్తాలు మొదలయ్యాయంటే మా షాపులో రాత్రి పదింటి దాకా పని, నాకు పంపడానికి తీరిక దొరకదు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
ఛత్తా బజార్, హైదరాబాద్

(పేరు, ఫోన్ నంబరు విడి కాగితం మీద రాశాను. అచ్చు వేయవద్దు.)